నృత్యోత్సవం తేదీ ఎవరి చేతిలో ఉండాలి?

(హైదరాబాద్‌లో నృత్య గురువులు, సాంస్కృతిక సంస్థల నిర్వాహకులు, పర్యాటక కోర్సుల విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను ముఖ్యంగా తేదీ గురించి మాట్లాడతాను. శాస్త్రీయ నృత్యోత్సవాల మీద సభ పెడితే సాధారణంగా సంస్కృతి, వారసత్వం, వైభవం అనే మాటలతో గంట గడిచిపోతుంది. మన రాష్ట్రంలో ఉత్సవాలు ఎందుకు నిలబడటం లేదని అడిగితే నాకు కనిపించే మొదటి కారణం మాత్రం క్యాలెండర్. తేదీ ఖరారు కాకపోతే మంచి నర్తకి దొరకదు, హోటల్ గది దొరకదు, ప్రేక్షకుడు రాడు. తేదీ ఎందుకు ఖరారు కాదంటే, అది మంత్రిగారి తీరికను బట్టి నిర్ణయమవుతుంది కాబట్టి.

ఒడిశాను చూడండి. కోణార్క్ ఉత్సవం 1989 నుంచి నడుస్తోంది. డిసెంబర్ 1న మొదలై 5న ముగుస్తుంది. 2024లో అక్కడ 24 ఏళ్ల తర్వాత ప్రభుత్వం మారింది. పార్టీ మారింది, ముఖ్యమంత్రి మారారు, ఉత్సవం మాత్రం ఆ ఏడూ డిసెంబర్ 1నే మొదలైంది. విదేశాల నుంచి బృందాలను తెచ్చే టూర్ ఆపరేటర్ పది నెలల ముందే ప్యాకేజీ అమ్ముకుంటాడు. అతనికి కావలసిందల్లా ఆ తేదీ మారదన్న నమ్మకం. రెండు వారాల ముందు పత్రికలో వచ్చే ప్రకటన అతనికి ఎందుకూ పనికిరాదు. దాంతో వచ్చేది చుట్టుపక్కల ఊళ్ల జనం, అధికారుల కుటుంబాలు. వాళ్లు రావడం మంచిదే. కానీ దాన్ని పర్యాటకం ఖాతాలో రాయకూడదు.

మధ్యప్రదేశ్‌లోని ఖజురహోది ఇంకా పాత కథ. 1975లో అక్కడ నృత్యోత్సవం మొదలైంది. ఆ గుళ్లకు యునెస్కో గుర్తింపు వచ్చింది 1986లో. అంటే గుర్తింపుకి పదకొండేళ్ల ముందే అక్కడ గజ్జెల చప్పుడు వినిపించింది. వేదిక మొదట్లో గుళ్ల ఆవరణలోనే ఉండేది. కట్టడాల రక్షణ కోసం ఏళ్ల తరబడి బయట పెట్టారు. 2021లో మళ్లీ లోపలికి తెచ్చారు. వేదిక ఎక్కడన్నది మారినా ఉత్సవం ఇప్పుడు ఏటా ఫిబ్రవరిలోనే వస్తోంది. ములుగు జిల్లాలోని మన రామప్ప గుడిది దీనికి పూర్తిగా తిరగేసిన పరిస్థితి. 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. గుడి గోడల నిండా, మండపం స్తంభాల నిండా నర్తకులు ఉన్నారు. కానీ ఫలానా తేదీన రామప్పలో నృత్యోత్సవం అని దేశంలో ఎవరూ చెప్పలేరు.

తేదీ రాజకీయ సందర్భాన్ని బట్టి పడితే ఏమవుతుందో 2022 జూలైలో చూశాం. వరంగల్‌లో కాకతీయ వైభవ సప్తాహం ఆ నెల 7న మొదలైంది. కాకతీయుల వారసులుగా చెప్పే బస్తర్ రాజకుటుంబీకుణ్ణి పిలిపించారు, నగరమంతా అలంకరించారు. సంకల్పం గొప్పదే. కానీ అది నడివానాకాలం. ఆ నెలలోనే గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఆరుబయట నృత్యానికి జూలైని ఎంచుకుంటే ఆ నిర్ణయంలో నర్తకుల మాట, టూరిజం వాళ్ల మాట ఎవరూ వినలేదనే అర్థం.

సరే, రామప్పకు ఏ తేదీ కుదురుతుంది? ఇది కాస్త లెక్క కట్టాల్సిన పని. కూర్చుని లెక్క వేద్దాం.

అక్టోబర్ వద్దు. వానలు పూర్తిగా వెనక్కి తగ్గవు. పైగా దీపాల పురుగులు. లైటు వేయగానే వేల సంఖ్యలో వచ్చి వేదిక మీద రాలతాయి. వాటి మీద ఉత్తకాళ్లతో అడుగు వేయాలంటే ఎలా ఉంటుందో నర్తకులకు తెలుసు. జారుతుంది కూడా. నవంబర్‌లో కార్తీకం ఉంటుంది. రామప్ప పూజలందుకునే శివాలయం, సోమవారాలు భక్తులతో నిండిపోతుంది. మాఘ మాసం వైపు వెళ్దామంటే మేడారం. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి, 2024, 2026 ఇలా సరి సంవత్సరాల్లో, అదే ములుగు జిల్లాలో జరుగుతుంది. ఆ నెల మొత్తం పోలీసులు, ఆర్టీసీ బస్సులు, జిల్లా యంత్రాంగం అంతా జాతర పనిలోనే ఉంటారు. ఉండాలి కూడా. మహాశివరాత్రి నాడు గుడి భక్తులదే. మార్చి దాటితే ఎండలు.

మిగిలింది డిసెంబర్. అందులోనూ నెల సగం దాటితే చెన్నైలో మార్గళి కచేరీల సీజన్ ఊపందుకుంటుంది. మంచి గాయకులు, మృదంగం, వయొలిన్, వేణువు వాయించేవాళ్లు జనవరి మొదటి వారాల దాకా ఖాళీగా దొరకరు. నట్టువాంగం చేసే, అంటే తాళాలు వాయిస్తూ లయ పలుకులు చెప్పి నృత్యాన్ని నడిపించే గురువుకైతే సొంత శిష్యుల కార్యక్రమాలుంటాయి. కోణార్క్ 5న అయిపోతుంది. అంటే డిసెంబర్ రెండో శుక్రవారం, శని, ఆదివారాలు మనకు సరిగ్గా సరిపోతాయి. కోణార్క్ కోసం దేశంలో దిగిన విదేశీయుడు భువనేశ్వర్ నుంచి విమానంలో హైదరాబాద్ రాగలడు. చెన్నై వెళ్లాల్సిన రసికుడు దారిలో మన దగ్గర మూడు రోజులు ఆగగలడు. వాళ్ల క్యాలెండర్‌కి మన క్యాలెండర్‌ని ముడి వేయడం ఇది.

ఇక్కడ ఒక చిక్కుంది, దాచకుండా చెప్పాలి. తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలు కూడా ఆ రోజుల్లోనే వస్తున్నాయి. 2018లో పోలింగ్ డిసెంబర్ 7న, 2023లో నవంబర్ 30న. ఎన్నికల కోడ్ ఉంటే అధికారులు ముందు చేసే పని ఉత్సవాన్ని వాయిదా వేయడం. అది వాళ్ల భయం, అర్థం చేసుకోదగ్గదే. కానీ ఏటా అదే తేదీన జరిగే ఉత్సవం, ఏ నాయకుడి ఫొటో లేని ఫ్లెక్సీ, వేదిక మీద ఏ ప్రజాప్రతినిధీ మాట్లాడని కార్యక్రమం అయితే ఎన్నికల సంఘాన్ని అనుమతి అడగడానికి గట్టి ఆధారం ఉంటుంది. ఉత్సవం మామూలు సంవత్సరాల్లోనే రాజకీయ ప్రచారంగా నడిస్తే ఎన్నికల ఏడాది దాన్ని కాపాడే దారి లేదు. అందుకే మొదటి ఏడాది నుంచే ఆ పద్ధతి పెట్టుకోవాలి.

అనుమతుల సంగతి. రామప్ప కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1959 నాటి నిబంధనల ప్రకారం రక్షిత కట్టడంలో సమావేశం, విందు, వినోద కార్యక్రమం ఏది జరపాలన్నా కేంద్రం రాతపూర్వక అనుమతి కావాలి. ఆచారంగా వచ్చే పూజలు, ఉత్సవాలకు ఈ అడ్డు లేదు. కొందరు ఈ రెండింటినీ కలిపేసి, గుడి కదా, దేవుడి సేవే కదా అని దరఖాస్తు చివరి నిమిషంలో పెడతారు. అలా చేయకండి. టికెట్ పెట్టి నడిపే నృత్యోత్సవం సేవ కిందకి రాదు. వేదిక ఎంత దూరంలో, జనరేటర్ ఎక్కడ, స్పీకర్లు ఎటువైపు, లైట్ల స్తంభాలు నేలలోకి దింపుతారా లేక బరువులతో నిలబెడతారా అన్నది గీసి ఇవ్వాలి. రామప్ప పునాది ఇసుక పెట్టె పద్ధతిలో, అంటే గుంతను ఇసుకతో నింపి దాని మీద కట్టింది, కొన్ని భాగాలు ఇప్పటికే కుంగి ఒరిగాయి. కట్టడానికి దగ్గరగా పెద్ద సబ్ వూఫర్లు పెట్టి నేల అదరగొట్టే ఆలోచనే రానివ్వకూడదు. కూచిపూడికి, కాకతీయుల కాలం నాటి పేరిణి నృత్యానికి అవి అక్కర్లేదు కూడా. గుడి వెనక నేపథ్యంగా కనిపిస్తే చాలు, వేదిక దాన్ని ఆనుకుని ఉండక్కర్లేదు.

గుడిలో ఉత్సవం అన్నప్పుడు తమిళనాడులోని చిదంబరం శివాలయం గుర్తుకు రావాలి. అక్కడ నాట్యాంజలి నృత్యోత్సవం 1981లో శివరాత్రికి మొదలైంది, ఒక ట్రస్టు నడిపింది. 2014 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో గుడి నిర్వహణ మళ్లీ అక్కడి అర్చకులైన పొదు దీక్షితుల చేతికి వచ్చింది. ఆ తర్వాత పాత ట్రస్టు ఉత్సవం గుడి బయటికి వెళ్లింది. గుడి, ప్రభుత్వం, కళా సంస్థ ముగ్గురూ ఉన్నచోట ఎవరి హక్కు ఎంతో కాగితం మీద లేకపోతే నష్టపోయేది మూడోవాళ్లే.

ఇప్పుడు వేదిక దగ్గరికి వద్దాం. టెండర్లో 'స్టేజీ, సౌండ్, లైటింగ్' అని ఒకే వరుసలో రాసి తక్కువ ధర వేసినవాడికి ఇస్తారు. పెళ్లి రిసెప్షన్‌కి వేసే స్టేజీనే వస్తుంది. ఇనుప చట్రాల మీద పలకలు, వాటి మీద మేకులు కొట్టిన కార్పెట్. మన కూచిపూడి తరంగాన్ని ఆ స్టేజీ మీద ఊహించండి. నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద కాలివేళ్లు బిగించి నిలబడి, పళ్లేన్ని తాళానికి ముందుకు, పక్కకు నడిపించాలి. కార్పెట్ మీద పళ్లెం కదలదు, బలవంతం చేస్తే కార్పెట్టే ముడతలు పడుతుంది. కార్పెట్ తీసేస్తే కింద పలకల మధ్య సందులుంటాయి. పళ్లెం అంచు సందులో పడితే నర్తకి ముందుకు తూలుతుంది. నేల ఒక పక్కకి వాలి ఉంటే పళ్లెం తనంతట తనే అటు జారుతుంది. మేకు తల పైకి లేస్తే పాదం చీలుతుంది. ఇవన్నీ ఆపగలిగేవే. చెక్క దూలాల కింద రబ్బరు దిమ్మెలు, వాటి మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు. పై పొర అతుకులు కింది పొర అతుకుల మీద పడకుండా అడ్డంగా వేయాలి. మేకులకు బదులు స్క్రూలు, వాటి తలలు చెక్కలోకి దించాలి. చివర్లో నీటిమట్టం గొట్టంతో లెవెల్ చూడాలి. కాంక్రీటు మీద, బండల మీద నేరుగా ఆడిస్తే గంటన్నర జతులకి, అంటే లయబద్ధమైన అడుగుల వరుసలకి, మోకాళ్లు, మడమలు దెబ్బతింటాయి.

ఒంటరి ప్రదర్శనకి, పది మంది బృందానికి కలిపి వేదిక వెడల్పు 40 అడుగులు, లోతు 30 ఉండాలి. పక్కవాద్యాలకి వేరే అరుగు. ఎత్తు మూడున్నర అడుగులు చాలు. ఐదు అడుగులు లేపితే ముందు వరుసకి పాదాలు కనబడవు. అడుగులు కనబడని నృత్యానికి టికెట్ ఎందుకు కొంటారు? వెనక వాళ్లకి కనబడాలంటే వేదికను పెంచకండి, కుర్చీలను సందుల్లోంచి కనిపించేలా వరుసలు మార్చి వేయండి. ముందు వేసే సోఫాలను తీసేస్తే సగం సమస్య తీరుతుంది.

డిసెంబర్‌లో మంచు. ములుగు అడవి ప్రాంతం, చుట్టూ చెట్లు, దగ్గర్లోనే పెద్ద చెరువు. రాత్రి పొద్దుపోయే కొద్దీ పలక మీద తేమ పేరుకుంటుంది. అంశానికీ అంశానికీ మధ్య ఇద్దరు మనుషులు పొడిగుడ్డలతో వేదిక తుడవాలి, ఆ పని ఎవరిదో ముందే పేరు రాసి ఉండాలి. ఇంకో మార్గం, పెందలాడే మొదలుపెట్టడం. ఆ రోజుల్లో సూర్యాస్తమయం ఇంచుమించు 5.40కి. ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగించండి. ప్రేక్షకులు పది గంటలకల్లా వరంగల్ చేరతారు.

లైటు గురించి ఒక్క మాట. నర్తకి వెనక ఎల్‌ఈడీ తెర పెట్టి, అందులో పథకాల పేర్లు, ముఖాలు తిప్పడం మానాలి. ఆ వెలుగు ముందు నర్తకి ముఖం నల్లబడుతుంది, కంటి అభినయం పోతుంది. శరీరం ఆకృతి తెలియాలంటే రెండు పక్కల నుంచి, మోకాలి ఎత్తున, నడుం ఎత్తున, తల ఎత్తున లైట్లు ఉండాలి. వెనక రామప్ప గోపురం మీద పలుచగా వెలుగు చాలు. ఆ లైట్లు చీకటి పడ్డాకే సరిచేయగలరు కాబట్టి ముందు రోజు రాత్రే ఆ పని అయిపోవాలి. సౌండ్ చెక్ మధ్యాహ్నం. నట్టువాంగం తాళాలు నర్తకికి వినబడేలా వేదిక మీద మానిటర్లు రెండు వైపులా పెట్టాలి. గాలికి మైకులు హోరెత్తకుండా స్పాంజి తొడుగులు కావాలి.

ఇక ఆలస్యం. కూచిపూడి ఆహార్యం, జడ, ముఖానికి రంగు, నగలు, అన్నీ కలిపి రెండు మూడు గంటలు. ఆరింటి ప్రదర్శనకి మూడింటికే కూర్చుంటారు. ముఖ్య అతిథి ఏడున్నరకి వస్తారు. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు. ఎనిమిదిన్నరకి మొదటి అంశం. అప్పటికి కండరాలు చల్లబడి ఉంటాయి, గజ్జె కట్టిన పిల్లలు రెండు గంటలుగా మంచినీళ్లు కూడా సరిగ్గా తాగకుండా నిలబడి ఉంటారు, ఎందుకంటే మరుగుదొడ్డి దూరం, ఆహార్యంతో వెళ్లడం కష్టం. అప్పుడు నిర్వాహకుడు వచ్చి ఇరవై నిమిషాల తరంగాన్ని ఎనిమిది నిమిషాలకు కుదించమంటాడు. కోత ఎప్పుడూ చివరి బృందానికే, చివరి బృందం ఎప్పుడూ జిల్లా పిల్లలే. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. పరిష్కారం కష్టమేమీ కాదు. ప్రారంభ సభను ఉదయం వరంగల్‌లో పెట్టండి, మంత్రులు కావలసినంతసేపు మాట్లాడవచ్చు. సాయంత్రం వేదిక మీద దీపం వెలిగించడానికి ఐదు నిమిషాలు. ఆరు దాటితే అతిథి రాకపోయినా మొదలవుతుందని ఆహ్వాన పత్రం మీదే అచ్చు వేయండి.

డబ్బు. ఒక బృందం లెక్క చూద్దాం. పన్నెండు మంది నర్తకులు, ఐదుగురు పక్కవాద్యాల వాళ్లు, గురువు, మేకప్ చేసేవాళ్లు ఇద్దరు. మొత్తం ఇరవై మంది. ఒక మినీ బస్సు, రెండు రాత్రులు, పది గదులు, భోజనాలు. ప్రభుత్వం అన్నీ కలిపి ఒకే మొత్తం ఇస్తే బస్సుకీ గదులకీ పోగా గురువు చేతిలో మిగిలేదేమీ ఉండదు. ప్రయాణం, బస నిర్వాహకుల ఖర్చు, పారితోషికం వేరు అని ఒప్పందంలో విడదీయాలి. శాస్త్రీయ, జానపద ప్రదర్శనకి కళాకారుడు తీసుకునే పారితోషికం లక్షన్నర దాకా జీఎస్టీ మినహాయింపులో ఉంది. అదే సొమ్ము ఈవెంట్ కంపెనీ బిల్లు ద్వారా వెళ్తే 18 శాతం పన్ను, పైన కంపెనీ వాటా. కాబట్టి కళాకారులకి శాఖే నేరుగా ఖాతాలో వేయడం మంచిది. సగం ఒప్పందం రోజున, మిగతా సగం ప్రదర్శన అయిన వారంలోపు. ప్రేక్షకుల టికెట్ 500 రూపాయల లోపు ఉంటే దానికీ జీఎస్టీ లేదు. రవీంద్రభారతిలో ఉచిత ప్రవేశానికి అలవాటుపడ్డ మనకు టికెట్ కొత్తే. అయినా పెట్టాలి. పాస్‌ల మీద వచ్చినవాళ్లు సగంలో లేచిపోతారు, టికెట్ కొన్నవాళ్లు చివరిదాకా కూర్చుంటారు. ములుగు జిల్లా విద్యార్థులకి మాత్రం ఉచితం.

ప్రయాణం లేకుండా పర్యాటకం లేదు కదా. కోణార్క్ భువనేశ్వర్ నుంచి 65 కిలోమీటర్లు, ఖజురహోకి సొంత విమానాశ్రయం ఉంది. రామప్ప మన నగరం నుంచి 200 కిలోమీటర్ల పైనే. ఒక్క రోజులో వెళ్లి రమ్మంటే వెళ్లరు. అందుకే శుక్రవారం ఉదయం హైదరాబాద్‌లో బయలుదేరి, వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట చూసి, సాయంత్రం రామప్పలో నృత్యం, రాత్రి వరంగల్‌లో బస అని టికెట్, బస్సు, గది కలిపి అమ్మాలి. శనివారం ఉదయం నర్తకులతో గంట సేపు గుడిలో శిల్పాల ముందు ప్రదర్శనతో కూడిన వివరణ పెడితే, రాత్రి చూడబోయేది పగలే అర్థమవుతుంది. వేరే ఏ ఊరూ ఇవ్వలేనిది మనం ఇవ్వగలిగేది అదే. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళాధిపతి, జాయపసేనాని 13వ శతాబ్దం నడుమ నృత్తరత్నావళి అనే నృత్య గ్రంథం రాశాడు. అంతకు కొన్ని దశాబ్దాల ముందు, 1213లో, కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించాడు. ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనీ పక్కపక్కన పెట్టి నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు పేరిణికి మళ్లీ రూపం ఇచ్చారు. గ్రంథం, శిల్పం, ఆడే మనిషి, మూడూ ఒకేచోట దొరకడం అరుదు.

ఇక్కడే రాష్ట్ర రాజకీయం వస్తుంది. 2010 డిసెంబర్ 26న గచ్చిబౌలి స్టేడియంలో 2,850 మంది కూచిపూడి నర్తకులు ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. 2016లో విజయవాడలో 6,117 మంది. విభజన తర్వాత కూచిపూడి అటు, పేరిణి ఇటు అన్నట్టు అధికార కార్యక్రమాల్లో ఒక గీత పడింది. పేరిణికి తెలంగాణలో దక్కిన గౌరవం ఆలస్యంగా దక్కినదే, ఇంకా దక్కాలి. కానీ కూచిపూడి నేర్పే గురువులు ఈ నగరంలో వీధి వీధినా ఉన్నారు, వాళ్ల శిష్యులు ఇక్కడి పిల్లలే. 1959లో కూచిపూడి మీద పెద్ద సదస్సు జరిగిందీ ఈ హైదరాబాద్‌లోనే. రామప్ప వేదిక మీద కూచిపూడి ఉండటం వల్ల పేరిణికి తరిగేదేమీ లేదు. వేల మందితో రికార్డులంటారా, అవి స్టేడియంలో జరగనివ్వండి. అంత దూరం నుంచి ఒక్కరి ముద్ర కూడా కనబడదు, గుడి దగ్గర చేయాల్సిన పని అది కాదు.

2025 మేలో ప్రపంచ సుందరి పోటీల ప్రారంభోత్సవంలో పేరిణి ఆడించారు, పోటీదారులను రామప్పకూ తీసుకెళ్లారు. ఆ పర్యటనలో అందరికీ గుర్తుండిపోయింది అతిథుల కాళ్లు కడిగించిన దృశ్యం, దాని మీద పార్టీల మధ్య రేగిన గొడవ. ఒక్కరోజు హడావిడికి గుడిని వాడుకుంటే మిగిలేది అలాంటిదే.

ఇంకొకటి చెప్పాలి. చిందు యక్షగానం, ఒగ్గుడోలు కళాకారులను ఉత్సవాలకి పిలుస్తారు. ఎక్కడ నిలబెడతారు? గేటు దగ్గర, ఎండలో, కాన్వాయ్‌కి స్వాగతం పలకడానికి. సాయంత్రం వేదిక మాత్రం శాస్త్రీయ నృత్యానిది. చిందు యక్షగానం నిండు కథ, పాత్రలు, పాట, అడుగు అన్నీ ఉన్న రంగస్థల కళ. మూడు సాయంత్రాల్లో ఒకరోజు గంట సేపు అదే వేదిక, అదే లైట్లు, అదే పారితోషికం చిందు మేళానికి ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఎంపిక విషయంలో సిఫార్సు లేఖల్ని ఆపేది నియమమే తప్ప మంచితనం ఆపలేదు. దరఖాస్తు గడువు జూన్ 30. ఎడిటింగ్ లేని పది నిమిషాల వీడియో. ఒకసారి ఆడిన బృందం మూడేళ్ల దాకా మళ్లీ దరఖాస్తు చేయకూడదు. ఎంపిక సంఘంలో ఉన్నవాళ్ల శిష్యులు ఆ కాలంలో అనర్హులు. సంఘం గడువు మూడేళ్లు, అది ప్రభుత్వం గడువుతో కలిసి ముగియకూడదు. ఆగస్టు 31కల్లా జాబితా, కారణాలతో సహా, వెబ్‌సైట్‌లో.

ఇవన్నీ ఒకే జీవోలో పెట్టవచ్చు. ఏటా డిసెంబర్ రెండో శుక్ర, శని, ఆదివారాలు అన్నది మొదటి వాక్యం. బడ్జెట్‌లో భాషా సాంస్కృతిక శాఖ కింద దీనికి విడిగా ఒక పద్దు, సెప్టెంబర్‌లోపు సగం నిధుల విడుదల. వేదిక, లైటు, సౌండ్‌కి మూడు వేర్వేరు టెండర్లు, వేదిక టెండర్‌కి నేను చెప్పిన కొలతలు అనుబంధంగా. టెండర్ తెరిచే రోజు ఒక నృత్య గురువు అక్కడ ఉండాలి, వేదిక పూర్తయ్యాక ఆ గురువు గజ్జె కట్టి తొక్కి చూసి సంతకం పెట్టాకే కాంట్రాక్టర్‌కి బిల్లు. ఈ ముసాయిదా ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి, మార్పులు రాసి ఇవ్వండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.